మేనల్లుడికి, మట్టి పని మొదలుపెట్టే ముందు

చి. సురేష్‌కి మావయ్య ఆశీస్సులు.

అండమాన్‌లోని హేవ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అనాలట, నా నోరు తిరగదు) ఒడ్డు పక్కన కాటేజీల పని ఒప్పుకున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషంరా. సిమెంటు లెక్కలకంటే ముందు ఒక పని చెయ్యి. ఆటు వేళ పడవ మాట్లాడుకుని, నీ స్థలం ఎదురుగా నీళ్లలోకి తొంగి చూడు. కింద కనపడేది రాయి కాదు, ప్రాణమున్న పగడం. దాని ఒంట్లో ఉండే సన్నటి నాచు ఎండతో తిండి తయారుచేసి పెడుతుంది. నీళ్లు బురదైతే ఆ తిండి తగ్గిపోతుంది.

ముప్పై ఏళ్ల కిందట పోర్ట్‌బ్లెయిర్ దగ్గర ఒక సైటులో నేను మే నెలలో కొండవాలు చదును చేయించాను. ఓనరు తొందర, నా బుద్ధితక్కువ. వారంలో వాన దిగింది. మట్టంతా వాగులోంచి సముద్రంలోకి పోయింది. తర్వాత వెళ్లి ఒక పగడాన్ని వేలితో తుడిచాను (ముట్టకూడదని అప్పుడు తెలీదు). జిగురు కలిసిన బురద వేలికి అంటుకుంది. ఆ జిగురు పగడమే వదులుతుందట, మట్టిని తోసుకోవడానికి. ఎన్ని రోజులని తోసుకుంటుంది?

అక్కడ ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వాన, మన వైజాగ్‌కి రెండింతలకు పైనే. అందుకే మట్టి పని జనవరి నుంచి ఏప్రిల్ లోపు ముగించు. మేలోపు కప్పిపెట్టగలిగినంత నేలే తవ్వు. పల్లం వైపు ఇసుక బస్తాలు పేర్చి, బురద తేరుకోవడానికి గుంట తీయించు. కాలవని తిన్నగా సముద్రంలోకి వదలకు. మడ చెట్లు వ్యూకి అడ్డమని ఓనరు కొట్టించమన్నా కొట్టించకు. మట్టిని ఆపేవి అవే. సెప్టిక్ ట్యాంకు కారితే పాచి పెరిగి పగడాన్ని కప్పేస్తుంది, అక్కడ పైసా మిగుల్చుకోవద్దు. పునాదిలోకి పగడపు రాళ్లు తెస్తానని ఎవడైనా అంటే వెళ్లగొట్టు, వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది.

2010లో నీళ్లు వేడెక్కి అండమాన్‌లో పగడాలు తెల్లబడ్డాయి. అది మన చేతిలో లేదు. కానీ పోయిన వాటి చోట కొత్త పగడపు పిల్ల అతుక్కోవాలంటే శుభ్రమైన గట్టి నేల కావాలి. దాని మీద మన సైటు మట్టి పేరుకుంటే ఇంకెక్కడ అతుక్కుంటుంది?

వానల్లో జేసీబీ దింపనని అగ్రిమెంటులోనే రాయించుకో. సంతకానికి ముందు ఆ ముక్క నాకు ఫోన్‌లో చదివి వినిపించు.

మీ మావయ్య