ముందు బాట, ఆ తరువాత తోట

ప్రశ్న: మేము చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాము. మా వీధి చివర పక్కపక్కనే రెండు ఖాళీ స్థలాలు ఉన్నాయి. ఒకటి లేఅవుట్ వేసినప్పుడు పార్కుకు వదిలినదని పాతవారు చెబుతారు. రెండవది ఊరిలో లేని ఒక యజమానిది. రెండింటిలోనూ సర్కారు తుమ్మ పెరిగి, చెత్త, ఇళ్లు పడగొట్టిన శిథిలాలు పోగుపడ్డాయి. మా అత్తగారి వంటి పెద్దవారు స్కూటర్ల మధ్య రోడ్డు మీదనే నడుస్తున్నారు. అందరం చందాలు వేసుకొని అక్కడ నడకబాట, తోట ఏర్పాటు చేసుకోవచ్చునా?
— ఒక పాఠకురాలు

జవాబు: తప్పక చేసుకోవచ్చునమ్మా. అయితే చందాలు వసూలు చేయడానికి ముందు ఆ రెండు స్థలాలూ ఎవరివో కాగితం మీద తేల్చుకోండి. టౌన్ సర్వే రిజిస్టరు నకలు తీసుకుంటే అది పట్టా భూమియా, పోరంబోకా, కార్పొరేషన్ పేరున ఉన్నదా అన్నది తెలుస్తుంది. తమిళనాడులో ఇప్పుడున్న నియమాల ప్రకారం 10,000 చదరపు మీటర్లు మించిన స్థలంలో నిర్మాణం చేపట్టేవారు, రోడ్లు పోగా మిగిలిన దానిలో 10 శాతాన్ని దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలి. దానినే ఓఎస్ఆర్ (ఓపెన్ స్పేస్ రిజర్వేషన్, అంటే అందరి కోసం ఖాళీగా వదిలిన) స్థలం అంటారు. మీది అటువంటిదైనా, పాత లేఅవుట్ ప్లానులో పార్కుగా చూపినదైనా, వీధివారందరి సంతకాలతో కార్పొరేషన్ పార్కుల విభాగానికి అర్జీ పెట్టి, తుమ్మనూ శిథిలాలనూ వారి చేతనే తీయించమని గట్టిగా అడగండి. చెత్త గురించి 1913కు ఫోన్ చేసి, ఫిర్యాదు నంబరు రాసి ఉంచుకోండి.

రెండవ స్థలం విషయంలో యజమాని భయాన్ని అర్థం చేసుకోవాలి. ఈ రోజు చోటిస్తే రేపు ఖాళీ చేయరేమోనన్న ఆ భయం న్యాయమైనదే. ఎంతకాలం వాడుకుంటారో, అడిగిన తరువాత ఎన్ని రోజులలో వదిలిపెడతారో, నేల మీద మీకు ఏ హక్కూ ఉండదనీ మీరే ముందుగా రాసి ఇవ్వండి. అక్కడ బంతి, బెండ, ఆకుకూరలు చాలు, చెట్లు నాటవద్దు. పిల్లలు నీళ్లు పోసి పెంచిన వేపను వారి కళ్లెదుటే కొట్టవలసి రావడం నాకు ఎంత మాత్రమూ ఇష్టం లేదు.

పనిని బాటతో మొదలుపెట్టండి. తెల్లవారుజామున నలుగురు నడిచే చోట చెత్త పారవేయడానికి ఎవరికీ చేయి రాదు. ఇద్దరు పక్కపక్కన నడిచేటట్టు అయిదారు అడుగుల వెడల్పున, స్థలం అంచు వెంబడి, ఎర్రమట్టీ గ్రావెలూ పరచి గట్టిపరిస్తే సరిపోతుంది. 2015 డిసెంబరు వరదను చూసిన వేళచ్చేరిలో ఉన్న కాస్త నేలనూ సిమెంటుతో మూయవద్దు. బాటను కొంచెం ఎత్తుగా, నడిమి భాగాన్ని పల్లంగా ఉంచితే వాన నీరు అక్కడే ఇంకుతుంది.

తోట దగ్గర తొందర పనికిరాదు. మా వీధిలో శిథిలాలను పైపైన తీసి పొగడ మొక్కలు నాటాము. రెండు నెలలకే ఆకులు పసుపుబారాయి. ఒకదానిని పెకలించి చూస్తే, అడుగున గట్టిపడిన సిమెంటు పెళ్లకు తగిలి వేరు చుట్ట చుట్టుకొని ఉంది. అందుచేత మూడడుగుల లోతు గుంట తీసి, సున్నం, సిమెంటు కలిసిన మట్టిని పూర్తిగా పారవేసి, మంచి మట్టి, పశువుల ఎరువు నింపండి. 2016లో వర్దా తుపానుకు నగరంలో వేల చెట్లు కూలాయి. కనుక సులువుగా విరిగే ఎర్ర తురాయికి బదులు పొగడ, కానుగ, పొన్న, వేప ఎంచుకోండి. ఈశాన్య రుతుపవనాలకు ముందు, సెప్టెంబరు చివర నాటితే మొదటి మూడు నెలలు వానే నీరు పోస్తుంది. ఏప్రిల్ నుండి జూన్ వరకు ఏ ఇంటివారు ఏ వారం నీళ్లు పోస్తారో పేర్లు రాసుకొన్న తరువాతనే నర్సరీకి వెళ్లండి.