నిటారుగా కూర్చుంటే నడుం పట్టేస్తోంది...

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు తొమ్మిది గంటలు కంప్యూటర్ ముందే. మెడ ముందుకు వచ్చేసింది, వీపు గూనిగా అయిపోతోందని ఇంట్లో అంటున్నారు. గుర్తొచ్చినప్పుడల్లా నిటారుగా కూర్చుంటాను. రెండు నిమిషాలకే నడుం పట్టేస్తుంది. పనిలో పడితే మళ్లీ మామూలే. కూర్చోవడం, లేవడం లాంటి రోజువారీ పనుల్లో ఒంట్లో చేరే బిగుతును గమనించి వదిలేయడం నేర్పే అలెగ్జాండర్ టెక్నిక్ ఉపయోగపడుతుందని విన్నాను. ఇంట్లో మొదలుపెట్టవచ్చా?
– ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: మొదలుపెట్టండి. కానీ ముందు ఆ నిటారుగా కూర్చోవడం మానేయండి. మీరు భుజాలు వెనక్కి లాగి, ఛాతీ పైకెత్తి, నడుమును లోపలికి విల్లులా వంచి పట్టుకుంటున్నారు. పాత బిగుతు ఎక్కడిదక్కడే ఉంది, దానిమీద ఇంకో బిగుతు చేరింది. నడుం కండరాలు ఎంతసేపని ఓర్చుకుంటాయి?

తల దగ్గర మొదలుపెడదాం. పెద్దవాళ్ల తల సుమారు 5 కిలోల బరువుంటుంది. అది వెన్నెముక మీద ఆనేది మెడ అడుగున అని చాలామంది అనుకుంటారు. కాదు, రెండు చెవుల మధ్య, లోపల. ముక్కు కొస ఒక సెంటీమీటరు మాత్రం కిందికి దిగేలా ‘సరే’ అన్నట్టు తలాడించండి. ఆ కదలిక పుట్టే చోటు అదే.

ఇప్పుడు గట్టి కుర్చీ అంచుకు జరిగి, పాదాలు నేలకు ఆనించి కూర్చోండి. మెడ వెనక, పుర్రె అంచు కింద ఉండే గుంటలో రెండు వేళ్లు తేలిగ్గా ఆనించి, రోజూ లేచినట్టే లేవండి. చాలామందికి పిరుదులు కుర్చీని వదలకముందే వేళ్ల కింద కండ ముద్దకడుతుంది, గడ్డం ముందుకు పొడుచుకొస్తుంది. స్క్రీన్‌లోకి తొంగిచూసినా, ఫోన్ మోగగానే చెయ్యి చాచినా ఇదే జరుగుతుంది. మీరు మార్చుకోవాల్సింది దీన్ని.

మళ్లీ కూర్చోండి. ‘లేస్తున్నాను’ అనుకోండి, లేవకండి. అనుకోగానే మెడ బిగిసిందా? వదిలేయండి. అలవాటు పని మొదలెట్టే క్షణంలో దానికి అడ్డుపడటమే ఈ పద్ధతికి ప్రాణం. ఇంగ్లీషులో ‘ఇన్‌హిబిషన్’ అంటారు, మన నిగ్రహమే. తర్వాత మనసులో అనుకోండి: మెడ వదులుగా ఉండనీ, తల ముందుకూ పైకీ పోనీ, వీపు పొడవుగా, వెడల్పుగా పరుచుకోనీ. వీటిని కండరాలతో ‘చేయకూడదు’. ‘ముందుకు’ అనగానే గడ్డం చాచడం అందరూ చేసే పొరపాటు. ముక్కు కొస కాస్త వాలేలా తల చెవుల మధ్య దొర్లడమే అక్కడ ముందుకు పోవడం. అప్పుడు నడుం దగ్గర కాకుండా తుంటి కీళ్ల దగ్గర వంగి, తల దారితీయగా లేవండి. పదిసార్లు ‘లేస్తాను’ అనుకుంటే మూడుసార్లు లేస్తే చాలు. మిగతా ఏడుసార్లు లేవకపోవడమే అసలు సాధన.

కొత్త తీరు మొదట్లో తప్పుగా, వంకరగా అనిపిస్తుంది. వెనక్కి వాలి నిలబడటానికి అలవాటుపడ్డవాళ్లను నిటారుగా నిలబెడితే ముందుకు పడిపోతున్నామంటారు. ఒంటికి అలవాటే ‘సరి’గా తోస్తుంది. కాబట్టి ఎలా అనిపించిందన్నది నమ్మకండి, ఫోన్‌తో పక్కనుంచి వీడియో తీసి చూసుకోండి. శిక్షణ పొందిన గురువు చేత్తో చూపిస్తే పని తొందరగా అవుతుంది. దీర్ఘకాలిక నడుం నొప్పి ఉన్నవాళ్ల మీద బ్రిటన్‌లో జరిగిన పరిశోధన 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఈ పద్ధతిలో 24 పాఠాలు తీసుకున్నవాళ్లకు ఏడాది తర్వాత నెలకు మామూలుగా 3 రోజులే నొప్పి ఉంది. సాధారణ వైద్యంతో ఉన్నవాళ్లకు 21 రోజులు.

రోజూ 15 నిమిషాలు పడుకునే సాధన కూడా చేయండి. నేలమీద చాప పరిచి వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు పైకి మడిచి, పాదాలు నేలకు ఆనించి, చేతులు పొట్టమీద పెట్టుకోండి. తలకింద దిండు వద్దు, తల అందులో కూరుకుపోతుంది. 3 నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తు పుస్తకాలు పెట్టండి. గడ్డం కప్పువైపు లేచిపోతే ఇంకొకటి చేర్చండి, గొంతుకు నొక్కుకుంటే ఒకటి తీసేయండి. కళ్లు తెరిచే ఉంచాలి. పక్కకు తిరిగి లేవండి.

చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం ఉంటే మాత్రం ముందు డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: నేను టీచర్‌ని. సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది. సెలవుల్లో బాగానే ఉంటుంది. ఈ పద్ధతి గొంతుకు కూడా పనికొస్తుందా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఇది పుట్టిందే గొంతు సమస్యలోంచి. 1869లో టాస్మేనియాలో పుట్టిన అలెగ్జాండర్ రంగస్థలం మీద పద్యాలు, నాటక భాగాలు చదివేవారు. ఆయన గొంతూ మీలాగే విశ్రాంతితో బాగయ్యేది, వేదికెక్కితే పోయేది. అద్దాల ముందు నిలబడి గమనిస్తే మూడు కనిపించాయి: తల వెనక్కి లాగుకోవడం, స్వరపేటికను కిందికి నొక్కడం, నోటితో చప్పుడు చేస్తూ గాలి పీల్చడం. మామూలు మాటల్లోనూ ఇవే ఉన్నాయి, కాస్త తక్కువగా.

రేపు తరగతిలో వెనక బెంచీవాళ్లను పిలవబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఎక్కువమంది అక్కడే గడ్డం ఎత్తుతారు. మెడ వదిలి, ‘హా’ అని లాక్కోకుండా ముక్కుతో గాలి రానిచ్చి, అప్పుడు మొదటి మాట అనండి. ముందు హాజరు పిలిచే ఐదు నిమిషాల్లోనే అలవాటు చేసుకోండి. పాఠం మధ్యలో ప్రయత్నిస్తే రెండూ చెడతాయి. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోవాలి.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్లు. పుస్తకం మీద వాలిపోయి రాస్తాడు. వీపు బెల్టు కొనమంటారా?
– ఒక తల్లి, ఒంగోలు

జవాబు: వద్దమ్మా. బెల్టు భుజాలను లాగుతుంది, తలనేం చేయదు. బల్లమీద వాలుగా అట్ట పెట్టి రాయనివ్వండి, పుస్తకమే కళ్ల దగ్గరకొస్తుంది. కంటి పరీక్ష చేయించండి. ‘సరిగ్గా కూర్చో’ అనకండి, వినగానే బిగుసుకుంటాడు. చొక్కా విప్పి, మోకాళ్లు వంచకుండా ముందుకు వంగమని వెనకనుంచి చూడండి. వీపు ఒకవైపు ఎత్తుగా లేస్తే అది అలవాటు కాకపోవచ్చు, ఎముకల డాక్టరు చూడాలి.