వెండి సామాను గురించి మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి, కావలి నుంచి మీ అత్త ఆశీర్వదించి వ్రాయునది.

శ్రావణమాసం దగ్గర పడుతోందని, పెళ్లిలో పెట్టిన వెండి సామానంతా బీరువాలో నల్లబడిపోయిందని, పళ్లపొడితో తోమితే ఇట్టే మెరుస్తుందని పక్కింటివారు చెప్పారని నువ్వు ఫోనులో అన్నప్పుడు నా గుండె గుభేలుమంది. ఆ పొడి డబ్బా మూత తీయకముందే ఈ ఉత్తరం చదువు.

వెండి మీద పట్టే నలుపు మురికి కాదు. గాలిలో ఉండే గంధకపు వాయువులు వెండితో కలిసినప్పుడు ఏర్పడే పలుచని పొర అది. అందులోనూ ఎక్కువ భాగం మన వెండే. గరుకు పొడితో రుద్దిన ప్రతిసారీ ఆ పొరతో పాటు కింది వెండి కూడా కొంత అరిగిపోతుంది. మీ నాయనమ్మ వెండి గ్లాసు అడుగున ఆమె పేరు కొట్టించి ఉండేది. నా పెళ్లి అయ్యేవరకు ప్రతి పండగకూ దానిని కచ్చికల బూడిదతో, కొబ్బరి పీచుతో, ముఖం కనిపించేదాకా తోమింది నేనే. ఇప్పుడు ఆ పేరులో మొదటి అక్షరమూ, చివరి దీర్ఘమూ మాత్రమే వేలికి తగులుతాయి.

కనుక ముందు తోమడం తగ్గించే ఉపాయం చూడు. రోజూ వాడే వెండి అంతగా నల్లబడదు, దాచిపెట్టినదే నల్లబడుతుంది. కంచం, గ్లాసు వాడిన వెంటనే గోరువెచ్చని నీళ్లలో కుంకుడు రసం గానీ కాస్త సబ్బు గానీ కలిపి మెత్తని గుడ్డతో కడిగి, నీటి చుక్క మిగలకుండా తుడువు. ఉప్పు, ఊరగాయ, కోడిగుడ్డు వెండి కంచంలో ఉంచవద్దు. ఉప్పు వెండిని గుంటలు పడేలా తింటుంది, గుడ్డులోని గంధకం గంటలోనే నల్లబరుస్తుంది. (మన చేపల పులుసుకు మట్టి దాకే అందం, దానికి వెండి కంచం ఎందుకు?) దాచేటప్పుడు ఉతికి ఆరబెట్టిన నూలుగుడ్డలో ఒక్కొక్కటీ విడిగా చుట్టి, గాలి చొరని కవరులో పెట్టి, అందులో రెండు సుద్దముక్కలు వెయ్యి, అవి తేమను పీల్చుకుంటాయి. న్యూస్ పేపరు, రబ్బరు బ్యాండు, ఉన్ని శాలువా దగ్గర వెండి ఉండకూడదు. రబ్బరులోనూ ఉన్నిలోనూ గంధకం ఉంటుంది. మా పట్టీల కట్టకు రబ్బరు బ్యాండు వేసి పెడితే, అది ఉన్న చోట నల్లని గీత పడింది. మా వైపు సముద్రపు తేమకు తోడు రొయ్యల చెరువుల బురద వాసన కూడా వస్తుంది కాబట్టి, మీ ఇంటికన్నా మా ఇంట్లో సామాను త్వరగా రంగు మారుతుంది.

ఇప్పటికే బాగా నల్లబడిన వాటికి తోమడం అక్కర్లేని పద్ధతి ఒకటి ఉంది. గాజు గిన్నె అడుగున చపాతీలు చుట్టే అల్యూమినియం కాగితం పరిచి, దాని మీద వెండి వస్తువు ఆనేలా పెట్టి, లీటరు మరిగే నీళ్లకు ఒక పెద్ద చెంచాడు వంటసోడా చొప్పున కలిపి మునిగేదాకా పొయ్యి. కొద్దిసేపటికి కుళ్లిన గుడ్డు వాసన వస్తే భయపడకు, కిటికీ తెరువు. నలుపులోని గంధకాన్ని అల్యూమినియం తనవైపు లాగేసుకుంటుంది, వెండి వెండిగానే మిగులుతుంది. ఐదు నిమిషాల్లో తీసి, కడిగి, తుడువు. అయితే రాళ్లు, ముత్యాలు పొదిగినవి, లోపల లక్క నింపినవి, కావాలని నలుపు వేయించిన నగిషీ ఉన్నవి ఇందులో వెయ్యవద్దు. మా పన్నీరు బుడ్డి మీది లతలను నేను ఇలాగే పోగొట్టుకున్నాను. బయటికి తీసి చూస్తే చెక్కడం ఉందో లేదో తెలియనంత తెల్లగా, బోడిగా అయిపోయింది.

చేతిలోకి తీసుకున్న వస్తువు ఏమిటో ముందు తెలుసుకోవాలి. 925 ముద్ర ఉంటే నూటికి 92.5 పాళ్లు వెండి, మిగిలినది సాధారణంగా రాగి. పెళ్లి కానుకల్లో వచ్చే జర్మన్ సిల్వర్‌లో వెండి ఒక్క పాలైనా ఉండదు. అది రాగి, జింకు, నికెల్ కలిసినది. పూత పూసిన వాటిని గట్టిగా రుద్దితే కింది లోహం బయటపడుతుంది.

ఇత్తడి కుందులకు, రాగి చెంబుకు చింతపండు గుజ్జు చాలు. కాని పులుపు అంటుకుని ఉంటే మర్నాటికే పచ్చగా చిలుము పడుతుంది కనుక రెండుసార్లు కడిగి తుడిచెయ్యి. వంటకు వాడే ఇత్తడి గిన్నె లోపల కళాయి, అంటే తగరపు పూత, ఉంటుంది, దానిని పీచుతో గీకవద్దు. కళాయి పోయిన గిన్నెలో పులుసు, మజ్జిగ ఉంచవద్దు. కుందులకు పట్టిన నూనె జిడ్డును కత్తితో గోకకుండా వేడి నీళ్లలో కుంకుడుకాయలు వేసి నానబెట్టు, దానంతటదే వదులుతుంది.

వచ్చే వారం ఒంగోలు వస్తున్న మీ మామయ్య చేతికి నాయనమ్మ గ్లాసు ఇచ్చి పంపుతున్నాను. వ్రతం నాడు కలశం పక్కన పెట్టుకో. అడుగుభాగాన్ని మాత్రం నీళ్లతో తప్ప దేనితోనూ కడగవద్దు.

ఇట్లు,
మీ అత్త