భద్రాచలంలో మూడో ప్రమాద హెచ్చరిక అంటే ఊరు మునిగినట్టేనా?

మీ వారికి భద్రాచలం బదిలీ అయిందనీ, ఏటా టీవీలో మూడో ప్రమాద హెచ్చరిక అని చూసి టెన్షన్‌గా ఉందనీ, ఇల్లు ఎటువైపు తీసుకోవాలనీ అడిగారు. మాది కూనవరం వైపు, శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటికి దగ్గర. చదువులకైనా ఆసుపత్రికైనా మాకు భద్రాచలమే దిక్కు. కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 53 అనగానే ఊరు మునగదు. 43కి స్నానఘట్టాల దగ్గర సందడి తప్ప ఊళ్ళో వాళ్ళు పెద్దగా పట్టించుకోరు. రెండోది దాటి మూడో దాని వైపు పోతుంటే రోడ్లు తెగడం మొదలవుతుంది. దుమ్ముగూడెం రోడ్డు తూరుబాక దగ్గర, మా కూనవరం రోడ్డు రాయనపేట దగ్గర నీళ్ళలోకి పోతాయి. అప్పుడు మీరు క్షేమంగానే ఉంటారు గానీ ఎటూ కదలలేరు. పాలు, కూరగాయలు, మందులు అన్నీ ఆ లెక్కనే చూసుకోవాలి.

53 తర్వాత ఇంకో హెచ్చరిక లేదు. అసలు కథంతా అక్కడి నుంచే. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చింది, ఇప్పటికీ అదే రికార్డు. 1990లో 70.8. మళ్ళీ 2022 జూలై 16న 71.3. అంటే మూడో హెచ్చరిక మీద ఇంకో పద్దెనిమిది అడుగులు! టీవీ వాళ్ళకు 55 అయినా 70 అయినా "మూడో ప్రమాద హెచ్చరిక కొనసాగుతోంది" అనే ఒక్క మాటే. అందుకే మా వైపు ఎవరినడిగినా హెచ్చరిక నంబరు చెప్పరు, అడుగులు చెబుతారు. ప్రతి ఇంటికీ ఒక అంకె ఉంటుంది. మా అరుగుకు 57. మా పెదనాన్న వాళ్ళ పశువుల కొట్టానికి 54. భద్రాచలంలో గోదావరి ఎంత ఉందో ఫోన్లో తెలిస్తే చాలు, ఎవరు ఎప్పుడు సామాను కట్టుకోవాలో వాళ్ళకు తెలిసిపోతుంది.

2022లో జనాన్ని దెబ్బతీసింది అదను. పెద్ద వరద అంటే ఆగస్టులోనే అని మా పెద్దవాళ్ళకు లెక్క. ఆ ఏడు జూలై రెండో వారంలోనే వచ్చింది. పైగా ఒకసారి 53 దాకా వచ్చి, తగ్గినట్టే తగ్గింది. మా వీధిలో కొందరు అటక మీద పెట్టిన బియ్యం బస్తాలు కిందికి దించుకున్నారు కూడా. పైన ప్రాణహిత, ఇంద్రావతి ఇంకా పోటెత్తుతూనే ఉన్నాయని ఎవరు చూశారు? గోదావరి నీళ్ళలో పెద్ద వాటా ఆ రెండింటిదే. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో వానలు పడితే మా దగ్గర ఎండ కాస్తుండగానే నీళ్ళు వస్తాయి. కాబట్టి మీ ఇంటి ముందు వాన తెరిపిచ్చిందా అని కాదు, ఎగువన కాళేశ్వరం, పేరూరు దగ్గర గోదావరి మట్టం ఎంతుందో చూసుకోండి.

మాకైతే గోదావరి ఎదురుగా రాదు, వెనక నుంచి వస్తుంది. పెద్ద నది నిండుగా ఉంటే శబరికి దిగే దారి ఉండదు. గోదావరి దాన్ని ఎగదన్నుతుంది. శబరి నీళ్ళు వెనక్కి తిరిగి వాగుల్లోకి, చేలల్లోకి, చివరికి పెరట్లోకి వస్తాయి. చప్పుడు ఉండదు. నీళ్ళ అంచున ఒక పుల్ల పాతి, గంట ఆగి వెళ్ళి చూస్తాం. పుల్ల అంచునే ఉంటే నిలకడగా ఉన్నట్టు. రెండడుగులు లోపలికి పోతే పశువుల తలుగులు విప్పేసి గుట్ట ఎక్కడమే. ఆ ఏడు గుట్ట మీద బరకాలు కట్టుకుని ఉన్నప్పుడు వానకన్నా సెల్ టవర్ ఆగిపోవడం ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మట్టం ఎంతో తెలిసే దారి లేక, ఎవరికి తోచిన అంకె వాళ్ళు చెప్పుకున్నారు.

భద్రాచలంలో కరకట్ట ఉంది కాబట్టి నది సూటిగా ఊళ్ళోకి రాదు. కానీ గోదావరి పెరిగితే కట్టకున్న తూములు మూసేస్తారు. ఊళ్ళో పడ్డ వాన, మురుగు బయటికి పోవు. మోటార్లు పెట్టి తోడి అవతల పోయాలి. మోటార్లు అందుకోకపోతేనో, తూములు కారితేనో రామాలయం పక్క పల్లపు వీధుల్లోకి నీళ్ళొస్తాయి. "కట్ట ఉంది, భయం లేదు" అని ఇల్లు చూపించేవాళ్ళ మాట సగమే నమ్మండి.

ఇక వరద తీసిన తర్వాత సంగతి. నీళ్ళు దిగుతుంటే సంబరపడి కూర్చోకూడదు. మోకాలి లోతున్నప్పుడే చీపురు, పార పట్టుకుని, ఆ నీళ్ళతోనే గోడలకూ గచ్చుకూ పట్టిన ఒండ్రును కదిలించి బయటికి తోసేయాలి. నీళ్ళు పూర్తిగా పోయాక అది ఎండి పెచ్చు కడుతుంది, గడ్డపారకు కూడా సులభంగా లొంగదు. మూలల్లో పాములుంటాయి, చెయ్యి పెట్టేముందు కర్ర పెట్టండి. పొలాల్లో ఆ ఏడు మొలిచిన పత్తి అంతా కుళ్ళిపోయింది. మళ్ళీ విత్తనాలు కొనడానికి అప్పు. ఇసుక మేట వేసిన చోట ఆ అప్పుకూ అర్థం లేకపోయింది.

సాయం మాటకొస్తే, 2014లో మా మండలాలు ఆంధ్రలో కలిశాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. అదే నీళ్ళు. 2022 వరదకు అటు తెలంగాణలో కుటుంబానికి 10 వేలు ప్రకటించారు, ఇటు ఆంధ్రలో 2 వేలు. పక్కనే ఉన్న ఎటపాక వైపు పంచాయతీల వాళ్ళు మమ్మల్ని తెలంగాణలో కలపండి అని రోడ్డెక్కారంటే ఎక్కకేం చేస్తారు. పోలవరం వల్ల మా దగ్గర నీళ్ళు ఎక్కువ రోజులు నిలుస్తున్నాయా అన్నది ఇంకో పెద్ద తగాదా. నా కళ్ళకైతే దిగడం ఆలస్యమైనట్టే అనిపించింది. ఇంజనీర్లు ఒప్పుకుంటారా లేదా అన్నది వేరే విషయం.

మీ విషయానికొస్తే, పైఅంతస్తు దొరికితే కళ్ళు మూసుకుని తీసుకోండి. కింది వాటా అయితే ఓనరును కాదు, ఎదురు కిరాణా కొట్టాయనను అడగండి: 22లో ఈ వీధిలో ఎక్కడిదాకా వచ్చాయి, భద్రాచలం మట్టం ఎంతున్నప్పుడు వచ్చాయి అని. కాస్త పాతకాలం మనిషైతే 86 లెక్క కూడా చెబుతాడు. జూలై మొదలవగానే సర్టిఫికెట్లు, పాస్‌బుక్కులు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి పై అరలో ఉంచండి. గ్యాస్ బండను కిటికీ ఊచకు కట్టేయండి, ఖాళీదైతే మరీ, తేలి పోతుంది. బండిని మాత్రం కట్ట పక్కన పెట్టొద్దు.