6 మి.మీ. అక్రిలిక్ పెట్టె అతుకుల్లో బుడగలు ఎందుకు మిగులుతున్నాయి?

షీట్లు ఆనించి, సూది సీసాతో మిథిలీన్ క్లోరైడ్ పారించాక అతుకులో బుడగలు కనిపిస్తున్నాయని రాశారు. ఈ సాల్వెంట్ (కరిగించే ద్రవం) మార్చేముందు అంచులు చూడండి. ఇది సందులు పూడ్చే జిగురు కాదు. రెండు ముఖాలనూ కరిగించి కలిపేస్తుంది, అంతే. సందున్న చోట గాలి ఉండిపోతుంది.

అంచుకు మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి పట్టండి. నడుమ సన్నటి వెలుగు గీత కనిపించినా, రంపపు పళ్ల గాట్లు వేలికి తగిలినా ఇంకా పని ఉంది. రౌటర్‌తోనో (తిరిగే బ్లేడుతో అంచు చెక్కే యంత్రం), పదునైన బ్లేడు నిలబెట్టి గీకో చదును చేయండి. ఎమరీ పేపర్ చేత్తో పట్టి రుద్దితే అంచు మూలలు గుండ్రమవుతాయి. తప్పదంటే 320 నంబరు పేపర్‌ను గాజు పలక మీద పరిచి, షీటును నిటారుగా పట్టి దానిమీద లాగండి. మంటతో పాలిష్ చేసిన అంచు మాత్రం అతికించవద్దు. అందులో బిగుసుకున్న ఒత్తిడి వల్ల సాల్వెంట్ తగలగానే వెంట్రుకల్లాంటి పగుళ్లు పుడతాయి. లేజర్ కోతలకూ ఈ జబ్బుంది.

అంచు బాగున్నా బుడగలొస్తే నానడం చాలలేదన్నమాట. అతుకు దగ్గర రక్షణ ఫిల్మ్ ఒక సెంటీమీటరు వెనక్కి ఒలిచేయండి, లేకపోతే సాల్వెంట్ దానికిందకి పాకి మచ్చ పడుతుంది. నిలువు షీటు కింద 0.2 మి.మీ. తీగ ముక్కలు రెండు మూడు పెట్టి, ఒక కొస నుంచి ఆగకుండా పారించండి. తడి ముందుకు పాకడం కంటికి కనిపిస్తుంది. సూది దాని వెంటే నడవాలి. ముందుకు దూకినా, రెండు వైపుల నుంచీ పోసినా రెండు తడుల మధ్య గాలి చిక్కుతుంది. అర నిమిషం నాననిచ్చి తీగలు లాగేయండి. షీటు తన బరువుకే దిగుతుంది. ఆత్రపడి క్లాంప్ బిగిస్తే సాల్వెంట్ బయటికి చిమ్మి, పొడి మచ్చలు మిగులుతాయి.

అతుకు పాలలా తెల్లబడితే అది బుడగ కాదు, తేమ. మిథిలీన్ క్లోరైడ్ 40 డిగ్రీలకే మరుగుతుంది. అంత వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో చెమ్మ అక్కడ పడుతుంది. ముసురు రోజు ఈ పని పెట్టుకోకండి. కిటికీలు తెరిచి, ఆవిరి ముఖానికి కొట్టకుండా చూసుకోండి. మామూలు నైట్రైల్ గ్లోవ్స్‌ను ఈ ద్రవం నిమిషాల్లో దాటేస్తుంది, తడిస్తే వెంటనే విప్పేయాలి.

పది నిమిషాలు కదపవద్దు. కోత, రౌటర్ పని 24 గంటలు ఆగాకే.

ఇప్పటికే పడ్డ బుడగ అతుకు బయటి దాకా తెరుచుకుని ఉంటే ఇంకో చుక్క పట్టవచ్చు. చుట్టూ మూసుకుపోయిందా, సూదికి దారి లేదు. ఆ అంచు కోసి, చదును చేసి మళ్లీ అతికించడమే.