లింకు పెట్టే ముందు ఆరోగ్యమిత్రను కలవండి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

మీ స్నేహితుడి నాన్నగారికి గుండె వాల్వు మార్చాలన్నారని, ఆసుపత్రి వాళ్లు ఆరున్నర లక్షలకు ఎస్టిమేటు ఇచ్చారని, ఇవాళ రాత్రికే విరాళాల లింకు పెట్టేస్తామని రాశావు. ఒక్క రోజు ఆగండి. లింకు వద్దని కాదు, దాని వంతు చివర్లో వస్తుంది.

వాల్వు మార్పిడి ఆరోగ్యశ్రీలో ఉన్న ఆపరేషనే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి 10 లక్షల దాకా పరిమితి ఉంది. ఆంధ్రలో అదే ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, అక్కడ 25 లక్షలు. వాళ్లకు తెల్ల రేషన్ కార్డు ఉందన్నావు. చంకలో పిల్లవాణ్ని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే.

చాలామంది దెబ్బతినేది అడ్మిషన్ కౌంటర్ దగ్గర. కంగారులో అడ్వాన్సు కట్టేసి 'క్యాష్ పేషెంటు'గా చేరిపోతారు. పథకానికి ముందస్తు అనుమతి కావాలి కాబట్టి, ఆపరేషన్ అయ్యాక కార్డు చూపిస్తే పని జరగదు, కట్టింది వెనక్కి రావడం కూడా కష్టమే. పథకం జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో, పథకం పనుల్లో రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర అని ఒకరు ఉంటారు. ఎకో రిపోర్టు, యాంజియో తీసి ఉంటే దాని సీడీ, ఆధార్, రేషన్ కార్డు పట్టుకుని ముందు వాళ్ల దగ్గరికి వెళ్లాలి. రెండు ప్రశ్నలు విడివిడిగా అడగమను: ఈ ఆసుపత్రి జాబితాలో ఉందా? గుండె ఆపరేషన్లకు కూడా ఉందా? మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అనే ఆసుపత్రులుంటాయి. అక్కడ సరిగ్గా చెప్పకపోతే 104కు ఫోన్ చేయండి.

ఆ ఆసుపత్రిలో కుదరకపోతే ఆసుపత్రినే మార్చొచ్చు. నిమ్స్ ఉంది. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్‌కు బిల్లే వేయరు, కాకపోతే వంతు వచ్చేదాకా ఆగాలి. అందుకే "ఎన్ని వారాలు ఆగొచ్చు?" అని డాక్టర్ని సూటిగా అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగక అప్పులపాలైన ఇళ్లు ఎన్నో.

పథకం వర్తించకపోతే ముఖ్యమంత్రి సహాయ నిధి. ఆపరేషన్‌కు ముందైతే ఎల్‌ఓసీ అడగాలి, అంటే ఆసుపత్రికి ప్రభుత్వం ఇచ్చే హామీ పత్రం. నిమ్స్ లాంటి చోట్ల అది ఎక్కువగా నడుస్తుంది. డిశ్చార్జి అయ్యాకైతే ఎమ్మెల్యే లేఖ, ఒరిజినల్ బిల్లులతో దరఖాస్తు పెట్టాలి. బిల్లు మొత్తం రాదు, కొంత వస్తుంది. ఇచ్చే ముందు ప్రతి కాగితం జిరాక్సు తీసుకుని దగ్గర పెట్టుకోండి.

ఇవన్నీ పోగా మిగిలిన లోటుకే లింకు. లోటు లక్షా ఎనభై వేలైతే పేజీలో అంతే పెట్టండి, ఆరున్నర లక్షలు పెట్టొద్దు. పెద్ద అంకె పక్కన, ఎంత వసూలైందో చూపే గీత నాలుగు శాతం దగ్గర ఆగిపోవడం చూసి, తన ఐదొందలు ఏ మూలకని అనుకుని దాత వెళ్లిపోతాడు. ఎస్టిమేటు ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద, తేదీ, ముద్ర, పేషెంటు నంబరుతో ఉండాలి. డబ్బు నేరుగా ఆసుపత్రి ఖాతాకు పంపే ఏర్పాటే ఎంచుకోండి. సొంత ఖాతాకు వస్తే, బయటివాళ్లు ఇచ్చింది ఏడాదిలో 50,000 దాటాక పన్ను లెక్కలోకి వస్తుంది. పంపినవాళ్లలో ఒక్కరి డబ్బు సైబర్ మోసానిదైనా బ్యాంకు ఆ ఖాతాను ఆపేయొచ్చు, అదీ సరిగ్గా బిల్లు కట్టాల్సిన రోజున.

'ఫీజు లేదు' అనే ప్లాట్‌ఫారంలో, అంటే విరాళాల లింకు పెట్టే వెబ్‌సైటులో కూడా, ఆన్‌లైన్‌లో డబ్బు చేరవేసే పేమెంట్ గేట్‌వే ఖర్చు, దానిమీద జీఎస్టీ పోతాయి. దాత పేజీలో ప్లాట్‌ఫారంకే వెళ్లే 'టిప్' అని ఒక మొత్తం చాలాచోట్ల ముందే వేసి ఉంటుంది, దాన్ని సున్నా చేసుకోవచ్చని మీవాళ్లకు చెప్పండి. ప్లాట్‌ఫారం వాళ్లు ఫేస్‌బుక్ ప్రకటనలు వేస్తామంటే ఆ ఖర్చు ఎవరిదో రాతపూర్వకంగా అడగండి. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది చట్టం దృష్టిలో విదేశీ విరాళం, దాన్ని తీసుకునే అనుమతి ఉందో లేదో ప్లాట్‌ఫారంను ముందే అడగండి. మన పాస్‌పోర్టుతోనే అక్కడ చదువుకునే పిల్లలకు ఈ చిక్కు లేదు.

మెసేజ్ ఇంత చాలు: "మా నాన్నకు 58 ఏళ్లు, ఆటో తోలతారు. మైట్రల్ వాల్వు మార్చాలి. పథకం పోగా 1,80,000 తక్కువ పడుతోంది, గురువారంలోగా కట్టాలి. ఎస్టిమేటు కింద ఉంది." ట్యూబులతో ఉన్న ఫొటో వద్దు, అది ఆయన బతికినంతకాలం ఇంటర్నెట్‌లో ఉంటుంది. గ్రూపుల్లోకి వదిలే ముందు తెలిసినవాళ్లు నలభైమందికి ఫోన్ చేసి మాట్లాడమను. మొదటి డబ్బు వాళ్ల నుంచే వస్తుంది, ముక్కూమొహం తెలియనివాళ్లు ఆ తర్వాతే కదులుతారు. పసిపిల్ల ఫొటోకు కదిలిన చేతులు ఆటో డ్రైవరుకు కదలవు. అన్యాయమే, కానీ లెక్క అలాగే వేసుకోవాలి.

ఇంకో ఖర్చు ఎవరికీ గుర్తుండదు. మెటల్ వాల్వు వేస్తే రక్తం పలచన చేసే మాత్ర జీవితాంతం వాడాలి. మోతాదు సరిచూసే ఐఎన్‌ఆర్ పరీక్ష మొదట్లో తరచుగా, కుదురుకున్నాక నెలకోసారి దాకా చేయించాలి. జంతు కణజాలంతో చేసే టిష్యూ వాల్వుకు ఆ మాత్ర సాధారణంగా కొన్నాళ్లే, కానీ కొన్నేళ్లకు వాల్వు అరిగి మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. నెలనెలా మాత్రల కోసం రెండో లింకు పెడితే పలికే నాథుడుండడు. పథకంలో కొన్ని ఆపరేషన్ల తర్వాత ఏడాదిపాటు మందులు, పరీక్షలు కూడా ఉంటాయి. అందులో ఇది ఉందో లేదో డిశ్చార్జికి ముందే కనుక్కోవాలి.

రేపు పొద్దున పదింటికల్లా మీ స్నేహితుణ్ని వెంటబెట్టుకుని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లు. ఈ ఆపరేషన్‌కు ప్యాకేజీ పేరు, కోడు, ఎంత వర్తిస్తుందో ఒక కాగితం మీద రాయించుకుని ఫొటో తీసి నాకు పంపు. లోటెంతో తేలాక పేజీ సంగతి చూద్దాం.

మీ మామయ్య