ఏడాదిన్నరగా అమ్ముడుపోని కొత్త కారు కొనవచ్చా?

ప్రశ్న: డీలరు దగ్గర ఏడాదిన్నరగా నిలిచిపోయిన కొత్త కారును ధర తగ్గించి ఇస్తామంటున్నారు. ఏమేం చూసుకోవాలి?

జవాబు: కొనవచ్చు. కానీ ముందు బ్యాటరీ సంగతి తేల్చుకోండి, ఇలాంటి కార్లలో మొదట పాడయ్యేది అదే. ఇంజన్ ఆపిన కొన్ని గంటల తర్వాత వోల్టేజి కొలిచే మల్టీమీటరు బ్యాటరీకి పెడితే 12.6 వోల్టులు చూపాలి. 12.4 కన్నా తక్కువలో నెలల తరబడి ఉంటే బ్యాటరీ లోపలి సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడుతుంది. మళ్లీ ఛార్జి చేసినా పూర్తిగా కోలుకోదు. మొహమాటపడకుండా కొత్తది వేయించమనండి.

టైరు సైడ్‌వాల్ (పక్క భాగం) మీది తయారీ కోడ్‌లో 1823 అని ఉంటే 2023లో 18వ వారం అని అర్థం. ఒకేచోట నిలిచి చదునెక్కిన టైరు కొంతదూరం నడిపాక కూడా అదురుతుంటే మార్పించాలి. బ్రేక్ డిస్కుల మీది పలచని తుప్పు బ్రేకులు వేస్తుంటే పోతుంది. ఇంజన్ ఆయిల్, తేమను పీల్చుకునే బ్రేక్ ఫ్లూయిడ్ మాత్రం కొత్తవి పోయించుకోండి. వారంటీ మీరు కొన్న తేదీ నుంచే లెక్కిస్తామని రాయించుకోవడం తప్పనిసరి.